తొమ్మిదో నంబరు గాలి

మానవుడు నిప్పు కనిపెట్టిన రోజు తర్వాత అంత గొప్ప రోజు చరిత్రలో ఏదైనా ఉందంటే, అది మా గనిలో విద్యుత్ ప్రాధాన్యతా క్రమ సంఘం ఏర్పడిన రోజు. నిప్పు విషయంలో ఒక లోపం జరిగింది. కనిపెట్టినవాళ్లు సమావేశ వివరాలు రాసి ఉంచలేదు. మా సంఘం ఆ లోపం రానివ్వలేదు. వివరాలు రాసేది నేనే.

నేను ఆ సంఘానికి గుమాస్తాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఏ విషయం మీదా నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడలేదని మెచ్చుకుంటూ పై అధికారులు ఇచ్చిన ఉత్తరాలు మూడు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడానికి నాకంటే తగిన మనిషి దొరకడు.

మా గని జనావాసాలకు చాలా దూరం. కరెంటు స్తంభాలు అక్కడిదాకా రాలేదు. అందుకని ముప్పై ఏళ్లపాటు మూడు డీజిల్ ఇంజన్లు ఊపిరి సలపకుండా తిరిగి డ్రిల్లులకీ, మనుషుల్ని దించే లిఫ్టుకీ, భూమి లోపలికి గాలి పంపే పెద్ద ఫ్యానుకీ కరెంటు ఇచ్చేవి. ఇంజన్ల గది పక్కన పెళ్లాం మొగుడితో ప్రేమగా ఒక మాట చెప్పాలన్నా అరిచి చెప్పాల్సి వచ్చేది. తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు చొక్కా తీసుకోవచ్చు.

రెండేళ్ల కిందట కొండ వాలు మీద సోలార్ పలకలు పరిచారు. శిఖరం మీద మూడు గాలిమరలు నిలబెట్టారు. లారీ అంతేసి ఇనుప గదుల్లో బ్యాటరీలు దించారు. ఈ మొత్తాన్ని మైక్రోగ్రిడ్ అంటారు. మన కరెంటు మనమే చేసుకుని, మనమే దాచుకుని, మనమే వాడుకోవడమన్న మాట. ఇంజన్లు ఆగిన రోజు క్యాంటీన్‌లో చెంచా కింద పడితే అందరూ ఉలిక్కిపడి చూశారు. అంతకుముందు చెంచా పడితే చప్పుడవుతుందని మాకు తెలియదు.

ఆ తీగలన్నీ లాగింది మా ఎలక్ట్రీషియన్. అసలు పేరు జీతాల జాబితాలో ఉంటుంది, అందరూ పిలిచేది మాత్రం ఫ్యూజక్క. ఎండలో నాలుగు నెలలు ఆ వాలు మీదే ఉండి, ప్రతి పలక కిందా దూరి, ప్రతి ముడీ తన చేత్తో బిగించింది. పని పూర్తయ్యాక బ్యాటరీ గది తలుపు మీద అరచేత్తో తట్టి, "బంగారం" అంది. ఆమె నోటంట ఒక యంత్రానికి అంత మంచి మాట రావడం అదే మొదలు. మనుషులకి ఇంకా రాలేదు.

గ్రిడ్డు బిగించిన ఇంజనీర్లు వెళ్లిపోయే ముందు ఒక జాబితా రాసిచ్చారు. ఎండ తగ్గి, గాలి పడిపోయి, బ్యాటరీ ముప్పై శాతానికి వస్తే ఏది ఆపాలి, ఏది ఆపకూడదు అని. అందులో మొదటిది ఫ్యాను, రెండోది లిఫ్టు. (చదువుకున్నవాళ్లే. కానీ బయటినుంచి వచ్చినవాళ్లకి ఏం కనబడుతుందో ఆలోచించేంత చదువు కాదు.)

ఆ లోపాన్ని మా హరిత అధికారి గారు పసిగట్టారు. ఆయన చెడ్డవాడు కాడు. మొక్కలంటే ప్రాణం. ఆఫీసులో కాగితం రెండో వైపు కూడా రాయిస్తారు, మూడో వైపు ఉంటే అదీ వదలరు. ఆయన అధ్యక్షతన సంఘం ఏర్పడింది. పదకొండు సమావేశాల తర్వాత, పద్నాలుగు అంశాలతో కొత్త క్రమం తయారైంది.

ఒకటో నంబరు, ప్రధాన ద్వారం దగ్గర బోర్డు. ఈ గని ఇప్పటిదాకా ఎంత కార్బన్ గాల్లోకి పోకుండా ఆపిందో కిలోల్లో చూపించే ఎర్ర అంకెల బోర్డు. అది ఆరిపోతే ఆదా చేశామని ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని ఆదా, ఆదా ఎలా అవుతుంది? రెండో నంబరు, అతిథుల గదిలో ఏసీ. మూడు, ఆఫీసు ముందు ఫౌంటెను. నాలుగు, రాత్రిళ్లు సోలార్ పలకలు అందంగా కనబడటానికి వాటి మీదికి వేసే ఫ్లడ్ లైట్లు. ఇలా ఎనిమిది దాకా వెళ్లాక, తొమ్మిదో నంబరు దగ్గర గనిలోకి గాలి పంపే ఫ్యాను. పదకొండు, లిఫ్టు. పద్నాలుగు, పలకల మీద దుమ్ము కడిగే నీళ్ల మోటారు.

ఫ్యాను తొమ్మిదికి ఎందుకు దిగిందో సంఘం శాస్త్రీయంగా వివరించింది. గని మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు తినేది అదే. కాబట్టి ఆదా చేసే అవకాశం కూడా అన్నిటికంటే ఎక్కువ దాని దగ్గరే ఉంది.

సమావేశం చివర్లో ఫ్యూజక్క లేచి నిలబడింది.

"అయ్యా, కింద మనుషులుంటారండీ."

"ఉంటారు. కాదన్నదెవరు?" అన్నారు హరిత అధికారి గారు.

"ఫ్యాను ఆగితే పొగ పోదండీ. రాయి పేల్చినప్పుడల్లా లోపల పొగ నిండిపోద్ది. బోర్డుకి పొగ పట్టదు గదా, దాన్ని వెనక్కి పెట్టుకోండి."

అప్పుడు స్టోర్స్ అధికారి గారు ఒక సందేహం వెలిబుచ్చారు. "కింద షిఫ్టు మేస్త్రి ఈవిడకి స్వయానా అన్న. అంటే ఫ్యాను విషయంలో ఈవిడకి స్వప్రయోజనం ఉంది. నియమం ప్రకారం ఈ అంశం మీద మాట్లాడకూడదు."

"మా అన్నయ్యా నేనూ మాట్లాడుకుని ఎనిమిది నెలలైందండీ," అంది ఫ్యూజక్క.

"దానికి ధ్రువపత్రం ఏదైనా ఉందా?"

లేదు. కాబట్టి ఆమె అభ్యంతరం చెల్లలేదు. వివరాల పుస్తకంలో అభిప్రాయాలకు మూడే గళ్లున్నాయి: హర్షం, కృతజ్ఞత, అభినందన. చాలాసేపు ఆలోచించి, ఆమె గొంతు కాస్త పెద్దదిగా వినిపించింది కాబట్టి, హర్షం గడిలో రాశాను.

ఎనిమిది నెలల సంగతి అబద్ధం కాదు. మేస్త్రి ఇంటికి అత్తగారివైపు వాళ్లు వచ్చిన రోజున ఇస్త్రీ పెట్టె పాడైంది. అందరి ముందూ తనే బాగుచేస్తానని మేస్త్రి కూర్చున్నాడు. ప్లగ్గు పెట్టగానే ఇల్లంతా చీకటైంది. అప్పుడే లోపలికి వచ్చిన చెల్లెలు, "రాయి కొట్టేవాడి చేతికి తీగ ఇస్తే ఇంతే," అని పకపకా నవ్వింది. ఆ వెంటనే ఆయన బావమరిది నవ్వాడు. చెల్లెలు నవ్వితే పడేవాడే, బావమరిది నవ్వడంతో వచ్చింది చిక్కు. "ఇకమీదట మా ఇంట్లో స్విచ్చు ముట్టుకోకు," అన్నాడు మేస్త్రి. "ముట్టుకోను, మీ గడపే తొక్కను," అంది ఆమె. అప్పటినుంచి ఒకే గనిలో పనిచేస్తూ ఇద్దరూ ఫారాల మీదే మాట్లాడుకుంటున్నారు. 'కింద మూడో దీపం వెలగడం లేదు. ఇట్లు, మేస్త్రి.' 'వెలిగించడమైనది. ఇట్లు, ఎలక్ట్రీషియన్.' (ఇంత చక్కటి రికార్డు ఉన్న కుటుంబం మరొకటి నేను చూడలేదు.)

ఇక ఆ రోజుకి వద్దాం.

ఆ రోజు మా గనికి స్వచ్ఛతా పత్రం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ధ్రువీకరణ బృందం వస్తోంది. రెండు రోజులుగా మబ్బు. గాలిమరలు ముగ్గురు అలిగిన అక్కచెల్లెళ్లలా ఎటో చూస్తూ నిలబడ్డాయి. పలకల మీద వారం రోజుల దుమ్ము పేరుకుంది, ఎందుకంటే దుమ్ము కడిగే మోటారు పద్నాలుగో నంబరు కావడంతో ముందుజాగ్రత్తగా వారం కిందటే దాన్ని ఆపేశారు. దుమ్ము వల్ల కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గడం వల్ల కడగడం కుదరదు. ఈ ఏర్పాటులో ఎక్కడా తెగిపోని ఒక నిలకడ ఉందని హరిత అధికారి గారు ఇదివరకే గుర్తించారు.

ఉదయం పది గంటల యాభై రెండు నిమిషాలకి బ్యాటరీ ముప్పై శాతానికి వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో నేనూ, ఫ్యూజక్కా ఉన్నాం. యంత్రం తన జాబితా ప్రకారం కింది నంబర్లన్నీ వరసగా ఆపేసింది. డ్రిల్లులు ఆగాయి. లిఫ్టు ఆగింది. చివరికి ఫ్యాను ఆగింది. గోడ అవతల ఎప్పుడూ హోరుమనే చప్పుడు మెల్లగా సన్నబడి, పూర్తిగా మాయమైంది. కిటికీలోంచి ఫౌంటెను చప్పుడు చాలా హాయిగా వినిపించింది.

కింద ఇరవై ముగ్గురు ఉన్నారు. అరగంట ముందే రాయి పేల్చారు.

ఫోను మోగింది. గని లోపలి ఫోను నా బల్ల మీదే ఉంటుంది. తీశాను.

"గుమాస్తా గారా? మేస్త్రిని. ఫ్యాను ఆగిందేంటండీ?"

"ప్రాధాన్యతా క్రమం అమల్లోకి వచ్చింది," అన్నాను.

"అదేంటో గానీ, ఇక్కడ పొగ ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. ఆవిడ అక్కడుందా?"

"ఉన్నారు."

"ఎంతసేపట్లో వస్తదో ఆవిడని అడిగి చెప్పండి."

ఫ్యూజక్క నా పక్కనే, మూరెడు దూరంలో ఉంది. "నిచ్చెనల దారి దగ్గరికి అందర్నీ తీసుకెళ్లమని ఆయనకి చెప్పండి," అంది.

చెప్పాను.

"నిచ్చెనల దారిలోనే పొగంతా చేరిందని ఆవిడకి చెప్పండి. అటు పోతే దగ్గొచ్చి పడిపోతారు. తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టాను. అక్కడ పదిమందికే చోటు, మేం ఇరవై ముగ్గురం."

అదీ చెప్పాను. ఫ్యూజక్క మొహంలో రంగు మారింది. "నేనిప్పుడే వస్తానని చెప్పండి," అని బయటికి పరిగెత్తింది.

(ఆమె బయట తిరిగినంతసేపటి సంగతీ తర్వాత విచారణలో చెప్పిన సాక్ష్యాల నుంచి రాస్తున్నాను.) మొదట ఆమె డీజిల్ బాబాయి దగ్గరికి వెళ్లింది. ముప్పై ఏళ్లు ఇంజన్లు నడిపిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయన హోదా 'పరివర్తన పర్యవేక్షకుడు'. పని ఏమిటంటే, నడవని ఇంజన్ల ముందు కుర్చీ వేసుకుని అవి నడవడం లేదని గంటకోసారి సంతకం పెట్టడం.

"బాబాయ్, ఒక ఇంజను లేపాలి. తొందరగా!"

"ఫారం తెచ్చావా అమ్మా?"

అత్యవసరంగా డీజిల్ ఇంజను నడపాలంటే, ముందు 'భావి తరాలకు క్షమాపణ పత్రం' మూడు ప్రతుల్లో నింపి నాలుగు సంతకాలు చేయించాలి. ఒక సంతకం హరిత అధికారి గారిది. రెండోది స్టోర్స్ అధికారి గారిది. మూడోది భద్రతాధికారి గారిది. (అతిథుల తల మీద బోర్డు పడకుండా హెల్మెట్లు పంచడానికి ఆయన ద్వారం దగ్గర ఉన్నారు.) నాలుగోది డైరెక్టర్ గారిది. ఆయన ఆ సమయానికి వేరే దేశంలో, మా గనిలో డీజిల్ వాడకం ఎలా అంతరించిందో ప్రసంగిస్తున్నారు.

"సంతకాలు తర్వాత పెట్టిస్తాను బాబాయ్. కింద మావాళ్లున్నారు."

డీజిల్ బాబాయి లేచి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి ఏడాదిన్నరగా చేతులకి ఏమీ అంటలేదు, అలవాటు పోలేదంతే. "ఫారం సంగతి నేను చూసుకుందును తల్లీ. నా ఉద్యోగం పోతే పోయింది. కానీ ఇంజన్లో చుక్క డీజిల్ లేదే. ఉంటే ఎవరన్నా వాడతారని పోయిన నెల్లో తోడించేశారు. ట్యాంకులో మట్టి పోసి పూలమొక్కలు పెట్టారు. చూడు."

చూసింది. బంతిపూలు బాగా పూశాయి.

అక్కణ్నుంచి ప్రధాన ద్వారానికి పరిగెత్తింది. హరిత అధికారి గారు చేతిలో పూలగుత్తితో నిలబడి ఉన్నారు. దూరంగా మలుపులో కార్లు కనబడుతున్నాయి.

"సార్, స్విచ్చుల గది తాళం ఇప్పించండి. బ్యాటరీలో ఇంకా ముప్పై శాతం ఉంది. దాన్ని ఫ్యానుకి మారుస్తాను."

"ఆ ముప్పై శాతం ఒకటి నుంచి ఎనిమిది నంబర్ల కోసం నిల్వ ఉంచిందమ్మా."

"ఆ నిల్వతో ఈ బోర్డు పన్నెండు రోజులు వెలుగుతుంది సార్. ఫ్యాను గంటంబావు తిరుగుతుంది. మావాళ్లు పైకి రావడానికి ఆ గంటంబావు చాలు."

"బోర్డు ఆరిపోదు కదా?"

"ఆరిపోద్ది సార్. మధ్యలో ఒకటే హ్యాండిల్. పైకెత్తితే పై నంబర్లు, కిందికి దించితే కింది నంబర్లు. రెండూ ఒకేసారి కుదరదు."

హరిత అధికారి గారు ఆకాశం వంక చూశారు. ఆయన నుదుటి మీద నిజంగానే చెమట పట్టింది. "మబ్బు కదులుతోందమ్మా. ఇరవై నిమిషాలు ఓపిక పట్టమను. వాళ్లు ఒక్కసారి బోర్డు చూసి, ఫొటో తీసుకుని లోపలికెళ్లగానే అత్యవసర సమావేశం పెడదాం. నాకు మాత్రం బాధ లేదా?"

"కింద పొగ మీరు చెప్తే ఆగదు సార్."

"నువ్వు మళ్లీ స్వప్రయోజనంతో మాట్లాడుతున్నావు," అన్నారాయన, కొంచెం నొచ్చుకుని. అంతలో మొదటి కారు వచ్చి ఆగింది.

ఆమె తిరిగి కంట్రోల్ రూమ్‌కి వచ్చేసరికి పదకొండు ఇరవై నాలుగు. ఈలోగా నేను ఫోను పెట్టెయ్యలేదు. పెట్టెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి చెవి దగ్గరే ఉంచుకున్నాను. అవతల దగ్గులు వినిపిస్తున్నాయి. మొదట్లో అక్కడక్కడా ఒకటి. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి. ఎవరో ఎవరితోనో, "తడిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకోరా, మాట్లాడకు," అంటున్నారు. పంతొమ్మిదేళ్లలో నేను ఎన్నో దగ్గులు విన్నాను, అవన్నీ సమావేశాల్లో దగ్గినవి. ఇవి వేరుగా ఉన్నాయి.

"గుమాస్తా గారూ, స్విచ్చుల గది తాళం మీ దగ్గరే ఉందిగా," అంది ఫ్యూజక్క. ఆయాసంతో మాట సరిగా రావడం లేదు.

ఉంది. నా సొరుగులో. దేని మీదా అభిప్రాయం లేని మనిషి నేనే కాబట్టి సంఘం దాన్ని నాకే అప్పగించింది.

"సంఘం తీర్మానం కావాలి," అన్నాను. నా గొంతు నాకే బాగా అనిపించలేదు.

అప్పుడు ఫోనులోంచి మేస్త్రి గొంతు వచ్చింది. బాగా సన్నబడింది. "గుమాస్తా గారూ, ఆవిడ వచ్చిందా?"

"వచ్చారు."

"ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టండి."

పెట్టాను. అయినా నాకు వినబడింది. ఆ ఫోను పాతది, లోపలి మాట గది మొత్తానికీ వినబడుతుంది.

"చెల్లీ."

ఆమె ఫోనుని నా చేతిలోంచి లాక్కుంది.

"చెల్లీ, విన్నావా. ఇద్దరు పడిపోయారు. నాకూ కళ్లు తిరుగుతున్నాయి. నీ దగ్గర ఏముందో, ఎట్లా చేస్తావో నాకు తెలీదు. నాకు తీగల సంగతి ఏం తెలుసు. నువ్వు చెయ్యగలవు."

"అన్నయ్యా, నేల మీద పడుకోండి," అంది. "అందర్నీ బోర్లా పడుకోబెట్టు. నేల దగ్గర కాస్త గాలి ఉంటది. ఫోను పెట్టకు. పెట్టావంటే ఊరుకోను."

ఇక్కడ రికార్డు కోసం ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నేను ఆమెకి తాళం చెవి ఇవ్వలేదు. సొరుగు తెరిచి, అందులో దుమ్ము ఉందేమోనని చూశాను. చూడటానికి అడ్డంగా ఉన్న వస్తువుల్ని తీసి బల్ల మీద పెట్టాను. వాటిలో తాళం చెవి కూడా ఉంది. తర్వాత మబ్బు ఎంతవరకు కదిలిందో పరిశీలించడానికి కిటికీ దగ్గరికి వెళ్లి, గదికి వీపు పెట్టి నిలబడ్డాను. నేను తిరిగి చూసేసరికి ఫ్యూజక్కా లేదు, తాళం చెవీ లేదు. మబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

స్విచ్చుల గది మెట్ల కిందే. ఇనుప తలుపు దడాలున తెరుచుకుంది. ఆ హ్యాండిల్‌ని ఏడాదిన్నరగా ఎవరూ కదపలేదు, దానికి తోడు హరిత అధికారి గారు దానికి మందంగా ఆకుపచ్చ రంగు వేయించారు. రంగు గట్టిపడి అతుక్కుపోయింది. ఆమె రెండు చేతులతో వేలాడిన చప్పుడు, ఆమె నోటివెంట వచ్చిన కొన్ని మాటలూ నాకు పైకి వినిపించాయి. (ఆ మాటలకి వివరాల పుస్తకంలో గడి లేదు.) తర్వాత టప్ మని పెద్ద శబ్దం.

ఫౌంటెను ఆగింది. అతిథుల గదిలో ఏసీ గుడ్లు తేలేసింది. సరిగ్గా ధ్రువీకరణ బృందం పెద్దావిడ బోర్డు ముందు నిలబడి, వేలు పెట్టి అంకెలు చదువుతూ "నాలుగు లక్షల..." అంటుండగా బోర్డు ఆరిపోయింది.

గోడ అవతల ఒక మూలుగు మొదలైంది. అది లేచి, పెరిగి, హోరు అయింది. టైము పదకొండున్నర.

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. మొదట దగ్గులే వినిపించాయి. తర్వాత మేస్త్రి గొంతు. "వస్తోంది. గాలి వస్తోంది. ఒరే, లేవండ్రా, తలుపు తియ్యండి!" ఆ తర్వాత ఆయన నాతో ఏదో చెప్పబోయి, దగ్గి, మానేశాడు. నా కళ్లద్దాలు మసకగా ఉంటే తీసి తుడుచుకున్నాను. కిటికీ దగ్గర దుమ్ము ఎక్కువ.

ఫ్యానుతో పాటు లిఫ్టు కూడా కింది నంబర్లలోదే కాబట్టి దానికీ కరెంటు వచ్చింది. ఎనిమిది మంది చొప్పున మూడు దఫాలుగా ఇరవై ముగ్గురూ పైకి వచ్చారు. ఇద్దర్ని మోసుకొచ్చారు. గని వైద్యుడు వాళ్లకి గొట్టంతో గాలి పెట్టాక గంటకి కళ్లు తెరిచారు. మిగతావాళ్లు నల్లటి మొహాలతో ద్వారం పక్క గడ్డి మీద కూలబడి, నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నారు. ధ్రువీకరణ బృందం వాళ్లు ఇదంతా తమకి స్వాగతంగా ఏర్పాటు చేసిన ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకాయన మేస్త్రి పక్కన కూర్చుని ఫొటో కూడా దిగాడు.

ఫ్యూజక్క వచ్చి మేస్త్రి ముందు నిలబడింది. తాగమని నీళ్ల సీసా చాచింది. ఆయన సీసా తీసుకోకుండా ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అరచేయి మొత్తం తోలు లేచిపోయి, ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది.

"ఇదేంటే?"

"రంగు."

"నెప్పిగా ఉందా?"

"నీకెందుకు. నీళ్లు తాగు ముందు."

తాగాడు. తర్వాత ఆమె చీర చెంగుతో మూతి తుడుచుకున్నాడు. ఆమె లాక్కోలేదు.

వారం తర్వాత విచారణ జరిగింది. వివరాలు నేనే రాశాను. తాళం చెవి సొరుగులోంచి బల్ల మీదికి చేరిన విధానం తేలలేదని నిర్ణయించారు. బోర్డు పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఎందుకు ఆరిపోయిందో సంజాయిషీ చెప్పమని ఫ్యూజక్కకి మెమో ఇచ్చారు. ఆమె ఎడమ చేత్తో ఒక్క వాక్యం రాసిచ్చింది: 'వెలిగించడానికి ఇరవై ముగ్గురు ఖర్చవుతారు గనక ఆపడమైనది.' చేతిరాత అర్థం కావడం లేదని అధికారులు ఆ కాగితాన్ని పక్కన పెట్టారు. ఇకమీదట బోర్డు ఎన్నడూ ఆరిపోకుండా దానికి విడిగా ఒక చిన్న డీజిల్ ఇంజను ఏర్పాటు చేశారు. దాని పొగ బోర్డు లెక్కలోకి రాదు, బోర్డు వెనక నుంచి పోతుంది.

ఈలోగా స్వచ్ఛతా పత్రం రానే వచ్చింది. బృందం పెద్దావిడ కాగితాలన్నీ పరిశీలించి చాలా ముచ్చటపడింది. మా గని చరిత్రలో కరెంటు అతి తక్కువ వాడిన సమయం ఆ రోజు పది యాభై రెండు నుంచి పదకొండున్నర దాకా ఉన్న ముప్పై ఎనిమిది నిమిషాలు. 'ఈ ఆదా చూసి మేము ఊపిరి బిగబట్టాము' అని పత్రంలోనే రాసింది. దాన్ని అద్దం బిగించి అతిథుల గదిలో పెట్టారు.

పత్రం వచ్చిన ఉత్సాహంలో హరిత అధికారి గారు సంఘాన్ని సమావేశపరిచారు. ఈసారి కార్మికుల తరఫున మేస్త్రినీ, ఎలక్ట్రీషియన్నీ కూడా పిలిచారు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె చేతికి కట్టు ఉంది. ఆయన ఆమె ముందున్న టీ గ్లాసు మూత తీసి పెట్టాడు.

హరిత అధికారి గారు గొంతు సవరించుకున్నారు. "ఆ ముప్పై ఎనిమిది నిమిషాలు మనకి గొప్ప పేరు తెచ్చాయి. ఇతర గనులవాళ్లు ఎలా సాధించారని అడుగుతున్నారు. అందుకని నెలకోసారి, ముందుగా చెప్పి, అదే ముప్పై ఎనిమిది నిమిషాలు ఫ్యాను ఆపి 'ఆదా దినం' జరుపుదామని ప్రతిపాదిస్తున్నాను. ఈసారి రాయి పేల్చం. అంతా స్వచ్ఛందమే."

సభ్యులు తలలూపారు. ఫ్యూజక్క లేవబోయింది. మేస్త్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తనే లేచాడు.

"మంచి ఆలోచన సార్," అన్నాడు. "మావాళ్లంతా ఒప్పుకున్నారు. అడిగే వచ్చాను."

హరిత అధికారి గారి మొహం వికసించింది.

"కాకపోతే మాదొక చిన్న కోరిక సార్. ఇంత గొప్ప రోజున మీరు పైనా మేం కిందా ఉంటే ఏం బాగుంటది? ఆ రోజు సంఘం సమావేశం కిందే పెట్టుకుందాం. ఆ తలుపున్న చిన్న గదిలో. పదిమందికి చోటుంది. మీరు సరిగ్గా తొమ్మిది మంది. గుమాస్తా గారితో పది. కుర్చీలు మేం మోసుకొస్తాం."

గదిలో ఏసీ చప్పుడు వినిపించింది. స్టోర్స్ అధికారి గారు గోడ మీది పత్రం వంక చూశారు. భద్రతాధికారి గారు, తనకి చిన్నప్పటినుంచి ఉబ్బసం ఉందని చెప్పారు. హరిత అధికారి గారు మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ తీసి తాగారు. చివరికి ఆ అంశం వాయిదా వేద్దామని ఎవరో అన్నారు. ఎవరన్నారో చెప్పలేను, అందరూ ఒకేసారి అన్నారు.

వాయిదా వేసిన అంశానికి పుస్తకంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. అందులో నేను ఇలా రాసి, తొమ్మిది మంది చేతా సంతకాలు చేయించాను: 'కింద గాలి చాలదని సభ్యులు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు.'